కడుపులో విన్నవాడు

త్యాగరాజు రాసిన 'ప్రహ్లాద భక్తి విజయం' ఐదు అంకాల తెలుగు నాటకం. అందులో 45 కీర్తనలు, వాటి నడుమ పద్యాలు, వచనాలు ఉన్నాయి. నడక యక్షగాన ఫక్కీది. కచేరీలు చేసేవాళ్లు అందులోంచి తమకు నచ్చిన కొన్ని కీర్తనలు ఏరుకున్నారు, నాటకం పుస్తకంలో ఉండిపోయింది. కల్యాణి రాగంలో 'వాసుదేవయని'ని పెద్ద కృతిగా విస్తరించి పాడుతుంటే, అది ఒక దౌవారికుడు రంగం మీదికి వచ్చేటప్పటి ప్రవేశగీతమని వినేవాళ్లలో ఎందరికి తడుతుంది? ఆ నాటకాన్ని పద్యాలతో, వచనాలతో సహా మొత్తంగా రేడియోలో వినిపించాలంటే ముందు ఒక ప్రశ్న తేల్చుకోవాలి. రంగం లేదు, తెర లేదు, హారతి లేదు. నర్సీపట్నం దగ్గర రావికమతంలో పొయ్యి ముందు కూర్చున్నవాళ్ల చెవిన పడే ఆ పాట భక్తి అవుతుందా, ఉత్త కాలక్షేపమా? భక్తే అవుతుందని, పైగా ఈ నాటకానికి రేడియోను మించిన వేదిక లేదని నా వాదన.

నాటకం దృశ్యకావ్యం కదా, కన్ను లేకుండా ఎలాగన్నది మొదటి ఆక్షేపణ. కూచిపూడివారి భామాకలాపం విషయంలో అది ఒప్పుకోవలసిందే. సత్యభామ జడ వేసే తీరు చూడకపోతే సగం పోయినట్టే. కానీ త్యాగరాజు ప్రహ్లాద కథలోంచి కంటికి పండుగైన ఘట్టాన్ని తానే తీసేశాడు. స్తంభం పగలదు, నరసింహుడు రాడు, హిరణ్యకశిపుడి పేగులు తెగవు. నాగపాశాలతో కట్టి సముద్రంలో పడేసిన పిల్లవాడు, అతన్ని ఆదరించే సముద్రుడు, దర్శనమిచ్చే హరి, మళ్లీ ఎక్కడ విడిచి వెళతాడోనన్న దిగులు. రీతిగౌళలో 'నన్ను విడచి' ఆ దిగులులోంచే పుట్టింది. ఇక్కడ జరిగేదంతా మనసులో, గొంతులో జరుగుతుంది. రంగస్థలం దానికి కొత్తగా చేర్చేది తక్కువ. అసలు ఈ ప్రాంతంవారికి మరుగున ఉన్న దేవుడు కొత్త కూడా కాదు. ప్రహ్లాదుడే ప్రతిష్ఠించాడని స్థలపురాణం చెప్పే సింహాచలంలో స్వామి ఏడాది పొడుగునా చందనం మాటునే ఉంటాడు. నిజరూపం అక్షయ తృతీయ ఒక్కనాడే. మిగతా రోజుల్లో కొండెక్కిన వాళ్ల భక్తిని ఎవరూ తక్కువ కట్టరు.

రెండో ఆక్షేపణ దీనికంటే బలమైనది. రేడియో వినేవాడు స్నానం చేసి కూర్చోడు. గిన్నెలు తోముతుంటాడు, చెరకు తోటకు బయలుదేరుతుంటాడు, సగం వింటాడు, సగం వదిలేస్తాడు. శ్రద్ధ లేని వినికిడి శ్రవణమెలా అవుతుంది? నవవిధ భక్తిలో శ్రవణం మొదటిదని చెప్పినవాడు ప్రహ్లాదుడే కాబట్టి జవాబూ అతని కథలోనే వెతకాలి. నారదుడి బోధ అతను ఎక్కడ విన్నాడు? తల్లి కడుపులో. పోతన ఆమెను లీలావతి అన్నాడు. ఎదురుగా కూర్చుని విన్నది ఆమె. కాలం గడిచి, పైగా ఆడది కావడంతో, ఆమె మరిచిపోయిందని భాగవతం అంటుంది. ఆ రెండో కారణం నాకు రుచించదు, అయినా కథలోని కీలకం చెడదు. ఎదుట కూర్చున్న శ్రోతకు నిలవనిది కనిపించని శ్రోతకు నిలిచింది. ఆ శిశువుకు ఆసనం లేదు, ఆచమనం లేదు, వింటున్నానన్న ఎరుకైనా ఉందో లేదో. శ్రద్ధను ముందే షరతుగా పెడితే ప్రహ్లాదుడే అనర్హుడవుతాడు. శ్రద్ధ అక్కర్లేదని నేననడం లేదు. వినగా వినగా పుట్టేదాన్ని గుమ్మం దగ్గరే అడగడం న్యాయం కాదంటున్నాను.

ఫోన్‌లో అన్నీ దొరుకుతుండగా రేడియో ఎందుకని అడగవచ్చు. ఫోన్‌లో మనం కోరుకున్నదే మోగుతుంది. పేరే తెలియని నాటకాన్ని ఎవరు కోరుకుంటారు? రేడియోలో కోరనిది వచ్చి పడుతుంది, కడుపులోని పిల్లవాడికి పడ్డట్టే. జార్జియావాళ్ల జాతీయ ఒపెరా, పలియాష్విలి స్వరపరచిన 'అబెసలోమ్, ఎతెరి', 1919లో త్బిలిసిలో మొదటిసారి ప్రదర్శించారు. సొంత గడ్డ దాటితే దాన్ని వినేవాళ్లు తక్కువ, భాష అడ్డం. మనకా సాకు లేదు. తిరువయ్యారులో పుట్టినా ఇది మన మాటే. ఆ కీర్తనలను గొంతులో నిలిపినవాళ్లలో ఎక్కువమంది తమిళ సీమ గాయకులు కావడమే మనం సిగ్గుపడాల్సిన సంగతి.

రేడియోలో పోయేది లేకపోలేదు. పదిమంది ఒకచోట చేరి మంగళం అందుకోవడం, ప్రసాదం, పక్కవాడి కన్నీరు, ఇవి గాలిలో రావు. అందుకే ఒంటరి కీర్తనగా కాక అంకానికొక సాయంత్రం చొప్పున వరుసగా ఐదు రోజులు రావాలంటాను. అప్పుడు రేపటికోసం ఎదురుచూసేవాళ్లు వేర్వేరు ఇళ్లలో ఉన్నా ఒక జట్టు అవుతారు. 1963 నుంచి విశాఖపట్నంలో ఆకాశవాణి కేంద్రం ఉంది, తిథులూ కలిసి వస్తున్నాయి. సింహాద్రి అప్పన్న నిజరూపం చూపే వైశాఖ శుద్ధ తదియకూ నరసింహ జయంతి అయిన చతుర్దశికీ మధ్య పది రోజులున్నాయి. స్వామి మళ్లీ చందనం పూసుకున్న తరువాతి ఐదు సాయంత్రాలు చాలు.