మిడతకు పేరు పెట్టేముందు

చిన్నీ,

కాలీఫ్లవర్ సంచిలోంచి దూకిన మిడత ఫోటో చూశాను. ఇంగ్లండ్‌కే కొత్త పురుగును పట్టేశానని నువ్వు సంబరపడుతుంటే నాకూ ముచ్చటేసింది. కానీ తల్లీ, పేరు పెట్టే తొందర కాస్త తగ్గించుకో.

అది పరాయిదేనన్న నీ అనుమానం మాత్రం సబబే. అక్కడి మిడతలు చలికాలమంతా గుడ్ల రూపంలోనే గడుపుతాయి. ఫిబ్రవరిలో రెక్కలొచ్చిన మిడత కనబడిందంటేనే ఏదో తేడా ఉన్నట్టు. పైగా అక్కడ పుట్టే మిడతల్లో అన్నిటికన్నా పెద్దది, చిత్తడినేలల్లో ఉండేది, ఒకటిన్నర అంగుళం దగ్గరే ఆగిపోతుంది. నీ చెంచా పక్కన కూర్చున్నది రెండున్నర అంగుళాలు ఉంది.

అయితే ఎక్కడిది? నాకు ఇద్దరి మీద అనుమానం. ఒకటి ఈజిప్టు మిడత. పేరు ఈజిప్టుదే గానీ మధ్యధరా తీరమంతా దాని ఊరే. చలికాలం పెద్ద పురుగుగానే గడుపుతుంది కాబట్టి కూరగాయల మధ్య దాక్కుని బ్రిటన్ దాకా వచ్చేస్తుంటుంది. రెండోది ఎడారి మిడత. అక్కడ పెంపుడు బల్లులకు మేతగా దుకాణాల్లో అమ్ముతారు. ఏ పక్కింటి డబ్బాలోంచో తప్పించుకుని ఉండొచ్చు.

కళ్లు చూడు. ఈజిప్టు మిడత కళ్ల మీద నలుపు, తెలుపు నిలువు చారలు కొట్టొచ్చినట్టు ఉంటాయి. కానీ ఎడారి మిడత కళ్లకూ చారలుండొచ్చు, అందుకని అక్కడే ఆగిపోకు. తల వెనకాల వీపు మీద చూడు. నడిమధ్యన గట్టులా లేచి, దాని వెంట నారింజ గీత ఉంటే ఈజిప్టుదే అనుకోవచ్చు. ఎడారి మిడతకు అక్కడ గట్టు ఉండదు. ఈజిప్టు మిడత వెనక రెక్కలో పొగరంగు పట్టీ కూడా ఉంటుంది గానీ, దానికోసం బలవంతంగా రెక్క విప్పకు, పాపం. ఇంకెప్పుడైనా పూర్తి రెక్కలు రాని పిల్లమిడత దొరికితే మాత్రం రంగు చూసి పేరు చెప్పేయకు. ఒకే జాతిలోనూ పిల్లల రంగులు మారిపోతుంటాయి.

ఇంత చాదస్తం దేనికంటావేమో. 2020 మేలో ఉత్తరాదిన మిడతల దండు వార్తలు మోగిపోతున్నప్పుడు మన అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు మొక్కల నిండా మిడతలు చేరాయి. దండొచ్చిందని జనం హడలిపోయారు. తీరా చూస్తే అవి జిల్లేడు మిడతలు, తరతరాలుగా ఇక్కడివే. అలాగని అన్నీ మనవేలే అని ఊరుకున్నా ముప్పే. 2018లో కర్ణాటక మొక్కజొన్నలో బయటపడిన కత్తెర పురుగు నిజంగానే పరదేశి. తల మీద తిరగేసిన వై అక్షరం, తోక దగ్గర చదరంగా నాలుగు చుక్కలు చూసి దాన్ని గుర్తుపట్టడం మన రైతులూ నేర్చుకున్నారు.

ఇంకో మాట. సంచిలో ఒక మిడత వచ్చినంత మాత్రాన ఆ జాతి ఇంగ్లండ్‌లో పాతుకుపోయినట్టు కాదు. బయట గుడ్లు పెట్టి, పిల్లలు పెరిగి, ఏడాదికేడాది కనిపిస్తేనే ఆ మాట అనాలి. ఈజిప్టు మిడతకు అక్కడి చలి పడదు, పంటలకు పెద్ద చేటు చేసే రకమూ కాదు. కాబట్టి భయపడి చంపకు. జాలిపడి తోటలోనూ వదలకు. బయటి జీవులను అలా వదలడం 1981 నాటి అక్కడి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. మూతకు చిల్లులు పెట్టిన సీసాలో నాలుగు ఆకులేసి ఉంచు. మిడతల వివరాలు నమోదు చేసే పథకం బ్రిటన్‌లో ఉంది, తేదీ, ఊరు రాసి వాళ్లకు పంపు. చివరి మాట వాళ్లదే, నాది కాదు.

ఈలోగా మొహం, వీపు, పక్కవాటు కనబడేలా మూడు ఫోటోలు పగటి వెలుతురులో తీసి నాకు పంపు. కాలీఫ్లవర్ ఏ దేశం నుంచి వచ్చిందో సంచి మీదే రాసుంటుంది, దాన్ని చెత్తబుట్టలో పడేయకు.

మీ తాతయ్య