సేవలో దొరకు విద్య

నల్లగొండ పట్టణమునకు ఆనుకొనియున్న పానగల్ క్షేత్రమున ఛాయాసోమేశ్వరుని దర్శింపబోయినవారు మొదట వెదకునది అచ్చటి నీడను. కందూరు చోడుల కాలమునాటి ఆ త్రికూటాలయములో, ఒక గర్భగృహమునందలి శివలింగమును పగలెల్ల ఒక స్తంభపు నీడ విడువక ఆశ్రయించియుండును. సూర్యుడు ఆకాశమున కదలుచున్నను నీడ కదలదు. ముందున్న స్తంభములలో అది దేని నీడయో చూచినవారికి అంతుపట్టదు. పలు దిక్కులనుండి లోనికి వచ్చు వెలుతురువలన స్తంభముల నీడలు కలసి ఆ ఛాయ యేర్పడుచున్నదని భౌతికశాస్త్రము నెరిగినవారు చెప్పుదురు. స్వామి సన్నిధిని నిలిచియున్నది నీడయే గాని, దానిని నిలిపిన స్తంభములలో ఏ యొక్కటియు "ఇది నాది" యని చెప్పుకొనదు.

పిల్లలకు సేవాధర్మమును బోధింపగోరు పెద్దలకు ఇంతకన్న మంచి పాఠము దొరకుట అరుదు. ఐనను నేటి తల్లిదండ్రుల మనస్సులో ఒక సందేహము మెదలుచుండును. "మావాడు పదునైదేండ్లవాడు. చదువుకొనవలసిన వయస్సు. ఉత్సవములలో నీళ్లందించుటకును, ఊరి వీథులూడ్చుటకును వానిని పంపినచో వానికేమి లాభము?" ఈ ప్రశ్నను తేలికగా త్రోసిపుచ్చరాదు. ఇది లోభమువలన పుట్టినది కాదు, బిడ్డపై మమకారమువలన పుట్టినది.

ఇది క్రొత్త ప్రశ్నయు కాదు. విశ్వామిత్ర మహర్షి యాగరక్షణమునకై రాముని కోరి వచ్చినప్పుడు దశరథ మహారాజును బాధించినదియు ఇదియే. పదునారేండ్లు నిండని బిడ్డను రాక్షసులమీదికి పంపుటెట్లని ఆ తండ్రి తల్లడిల్లెను. సేనలతో తానే వచ్చెదననెను. వసిష్ఠుడు నచ్చజెప్పిన పిదపగాని మనస్సు దిటవు చేసికొనలేదు. తరువాత జరిగినదేమి? సరయూతీరమున మహర్షి రామునకు ఆకలిదప్పులను, అలసటను పోగొట్టు బల, అతిబల విద్యల నుపదేశించెను. తాటకావధానంతరము దివ్యాస్త్రముల నొసగెను. సిద్ధాశ్రమమున అన్నదమ్ములిరువురును ఆరు అహోరాత్రములు ఏమరక యాగమును కాచిరి. మిథిలకు త్రోవయు అచ్చటనుండియే తెరచుకొనెను.

రాముడు అస్త్రములు సంపాదింపవలెనని బయలుదేరలేదు. ఒకరి యాగము నిర్విఘ్నముగ సాగవలెనని బయలుదేరెను. విద్య దారిలో దొరకెను. తల్లిదండ్రుల ప్రశ్నకు సమాధానమిందే కలదు. సేవలో లాభము తప్పక యున్నది. కాని లాభముకొరకే పోయినవానికి అది చిక్కదు.

మన దేశమున జాతీయ సేవాపథకము గాంధీ మహాత్ముని శతజయంతి సంవత్సరమున, 1969 సెప్టెంబరు 24వ తేదీన, 37 విశ్వవిద్యాలయములలో సుమారు 40,000 మంది విద్యార్థులతో ఆరంభమైనది. తరువాత ఇంటర్మీడియెట్ విద్యార్థులకును విస్తరించినది. రెండేండ్లలో 240 గంటల సేవ, ఒక గ్రామమున ఏడు దినముల శిబిరము అందలి నియమము. "నేను కాదు, మీరు" అనునది దాని ఆదర్శవాక్యము. సిద్ధాశ్రమపు ఆరు అహోరాత్రములతో ఈ ఏడు దినములను సరితూచజాలము. కాని ఇల్లు విడిచి, పరుల పనిని తన పనిగా తలచి మేల్కొనియుండు అభ్యాసము రెంటను ఒక్కటియే.

ఆ అభ్యాసమువలన కలుగునదేమి? మహాశివరాత్రినాడు పానగల్ ఆలయమున క్రిక్కిరియు జనమును తలచుడు. వరుసను చూచుకొను భారము ఒక పదునారేండ్ల బాలునకు అప్పగించిరనుకొందము. ఎండలో ఒక ముసలమ్మ కఱ్ఱనానుకొని నిలుచున్నది. అంతలో వాని మేనమామ వచ్చి, "ఒరే, నన్ను ముందుకు పంపరా" అనును. పిల్లవానికి అది ధర్మసంకటము. మామను కాదనలేడు, ముసలమ్మను కాదనరాదు. "మామా, కోపగించుకొనవద్దు. మీరు వరుసలోనే రండి. ఈ అవ్వను ముందు పంపెదను" అని వినయముగ ననగలిగెనా, ఆ దినమున వాడు పెద్దవాడయ్యెను. నీతిశతకములనెన్నింటినో కంఠస్థము చేసినను రాని ధైర్యము ఆ ఒక్క మాటలో వానికబ్బును.

మఱియొక ఉదాహరణము. ఈ సీమ భూగర్భజలములందలి ఫ్లోరైడు ఎందరి యెముకలనో వంచినది. నేడు పానగల్‌లోని ఉదయసముద్రమునకు కృష్ణాజలములు వచ్చుచున్నవి. మంచినీటి విలువను పుస్తకమున చదివినవాడు పరీక్షవరకు జ్ఞప్తియందుంచుకొనును. నడుము వంగిన వృద్ధుని గడపకు కడవెడు నీళ్లు మోసి, ఆయన కథను విన్నవాడు జన్మాంతము మఱువడు.

ఇక నాయకత్వము. ముందు నడచి ఆజ్ఞలిచ్చుటయే నాయకత్వమని బాలురు భ్రమపడుదురు. ధర్మరాజు రాజసూయమున, అగ్రపూజకు అర్హుడైన శ్రీకృష్ణుడు తనకై కోరుకొన్న పని అతిథులైన విప్రుల పాదములు కడుగుట. అందరును వెనుదీయు పనికి ముందుగ చేయిచాచువాని మాటను నలుగురును విందురు. ఎంగిలాకులెత్తినవాడు "పంక్తి సరిచేయుడు" అనినచో ఎవ్వరును మారుపలుకరు.

ఐతే పెద్దలు జాగరూకులై యుండవలసిన తావులు రెండు కలవు. యోగ్యతాపత్రముకొరకును, ఛాయాచిత్రముకొరకును చేయించు సేవ పిల్లవానికి దానగుణమును గాక నటనను నేర్పును. చీపురు పట్టుకొని చిత్రము తీయించుకొని ఇంటికి మఱలినవాడు, చెత్త అచ్చటనే యున్నదని ఎరుగును. ఆ యెరుక వానిని లోలోన చెఱచును. రెండవది, సేవ యను పేరుతో పిల్లలను కూలి యడుగని కూలీలనుగ వాడుకొనుట. ఇదియు పాపమే. విశ్వామిత్రుడు రాముని పంపి తాను ఇంట కూర్చుండలేదు. వెంట నడచెను, మార్గమున కథలు చెప్పెను, ఉషఃకాలమున మేలుకొలిపెను. కార్యభారమును మాత్రము బాలునిపైననే యుంచెను. పెద్దలు చేయవలసినదియు అదియే. చేరువలో నుండవలెను, చేతిలోని పనిని లాగికొనరాదు. పిల్లలు పొరపాటు చేసినచో దిద్దుకొను అవకాశమీయవలెను.

కావున తల్లులారా, తండ్రులారా! రాబోవు ఉత్సవమునకు మీ బిడ్డను కొన్ని గంటలు ఈశ్వరునకు అప్పగింపుడు. సాయంకాలమున ఇంటికి వచ్చినప్పుడు, "నిన్నెవరు మెచ్చుకొనిరి?" అని అడుగకుడు. "ఈ దినము ఎవరి కష్టము చూచితివి?" అని అడుగుడు. వాడు ఆ రెండవ ప్రశ్నకు సమాధానము చెప్పుచు మొదటి ప్రశ్నను మఱచిన దినమున, ఛాయాసోమేశ్వరుని నీడకు వాడును ఒక స్తంభమైనట్లే.