పనికిరాని పిట్ట

పులికాట్‌కి దగ్గర్లో ఉన్న నేలపట్టు గురించి ఎవరు రాసినా ఒక మాట తప్పకుండా వస్తుంది: ఊరివాళ్లు పక్షుల్ని వేటాడరు, వేటాడనివ్వరు. నీటి కడప చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతుల రెట్ట చెరువులో కలుస్తుంది. ఆ నీళ్లు పొలానికి ఎరువు. ప్రభుత్వం దాన్ని 1976లో అభయారణ్యం చేసింది కానీ, ఊరికీ పక్షికీ మధ్య ఒప్పందం అంతకన్నా పాతది.

వినడానికి బావుంది. కానీ ఎరువిస్తుంది కాబట్టి బతకనిద్దాం అంటే, ఏమీ ఇవ్వని పిట్ట సంగతేంటి?

ఉదాహరణకి పొన్నంకి పిట్ట. హిమాలయాల దిగువ అడవుల్లో, మధ్యభారతంలో పిల్లల్ని పెంచి, శరత్తులో దక్షిణాదికీ శ్రీలంకకీ దిగుతుంది. రాత్రిళ్లు ఎగురుతుంది. పగలు గుబురు నీడలో ఎండుటాకులు తిరగేస్తూ పురుగులు ఏరుకుంటుంది. ఒంటి మీద అన్ని రంగులున్నా కంటపడటం కష్టం. పొద్దునా సాయంత్రమూ రెండు స్వరాల ఈల వేస్తుందని తమిళులు దాన్ని ఆరుగంటల పిట్ట అంటారు. శాస్త్రవేత్తలు ఈ జాతికి పెట్టిన 'పిట్ట' అన్న పేరు అచ్చంగా మన తెలుగు మాటే. అక్టోబర్‌లో చెట్ల కిందకి వెళ్తే నా బైనాక్యులర్స్ కొమ్మల వైపు కాక నేల వైపు తిరిగేది దీనికోసమే. చాలాసార్లు కనపడదు.

అటు శ్రీహరికోట ఉంది. రాకెట్ల కోసం కంచె వేశారు, మనుషులు ఆగిపోయారు, అడవి మిగిలింది. మా కోడింగ్ భాషలో ఇది సైడ్ ఎఫెక్ట్. ఫలితం మంచిదే, కానీ దాన్ని నమ్ముకుని ఎవరూ సిస్టమ్ కట్టరు. రేపెవరో ఒక లైను మారిస్తే చెప్పాపెట్టకుండా పోతుంది. లాభం మీద నిలబడ్డ దయ కూడా అంతే కదా అనిపిస్తుంది.

అయితే నేలపట్టు ఈ వాదనకి లొంగదు. యూరియా బస్తాలు వచ్చి దశాబ్దాలైంది. అయినా అక్కడ పక్షులు రావడం ఇప్పటికీ శుభమే. లెక్కతో మొదలైంది తరాలు గడిచేసరికి మర్యాద అయింది. బహుశా మంచితనం ఎక్కడైనా ఇలాగే పుడుతుందేమో. కారణం వెనకబడుతుంది, అలవాటు మిగులుతుంది.

కాబట్టి నా ప్రశ్న ఊరివాళ్లకి కాదు, బైనాక్యులర్స్ పట్టుకుని వెళ్లే మనకే. గూడబాతు దగ్గర వాళ్లు నేర్చుకున్న మర్యాదని, పనికిరాని పిట్ట దాకా మనం తీసుకెళ్లగలమా? అది అడిగేది పెద్దదేం కాదు. ఊడవని ఎండుటాకులు, అందం కోసం కొట్టెయ్యని పొదలు. మనకి కనపడాలన్న షరతు కూడా లేకుండా.