అవయవాలు, అవయవి: కణమరణం ఇచ్చే సాక్ష్యం

భాగాలు కలిసినప్పుడు వాటికి భిన్నమైన ‘మొత్తం’ అనే వస్తువు నిజంగా పుడుతుందా, లేక ఆ మొత్తం వాడుక కోసం పెట్టుకున్న పేరు మాత్రమేనా అన్న ప్రశ్నపై న్యాయవైశేషికులకూ బౌద్ధులకూ శతాబ్దాలపాటు వాదం సాగింది. బౌద్ధగ్రంథమైన మిలిందపన్హలో నాగసేనుడనే భిక్షువు, ఇరుసు గాని చక్రం గాని రథం కాదనీ, వాటిని తీసివేస్తే రథమనేది వేరుగా మిగలదనీ మిలింద రాజుచేత ఒప్పిస్తాడు. నైయాయికులు మాత్రం భాగాలను అవయవాలనీ, వాటిలో సమవాయమనే విడదీయరాని సంబంధంతో నిలిచే మొత్తాన్ని అవయవి అనీ పేర్కొని, అవయవి కూడా సత్యమేనన్నారు.

జంతుదేహాలు సైతం కణనిర్మితాలేనని 1839లో జీవశాస్త్రవేత్త ష్వాన్ ప్రకటించిన తరువాత ఈ ప్రశ్న మానవశరీరానికి సూటిగా తగులుతుంది. అందులో సుమారు 30 లక్షల కోట్ల కణాలున్నాయి. ఎర్రరక్తకణం ఆయువు దాదాపు 120 రోజులే గనుక, సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్రకణాలు నశించి, అన్నే కొత్తవి వస్తుంటాయి. ఒక్క అవయవం తొలగినా పాత అవయవి నశించి కొత్తది పుడుతుందన్న వైశేషిక సిద్ధాంతాన్ని ఇక్కడ అన్వయిస్తే, శరీరం క్షణక్షణం వేరవుతుందని, అంటే ప్రత్యర్థులైన బౌద్ధుల క్షణికవాదానికి చేరువైనదే, ఒప్పుకోవలసి వస్తుంది. వ్యక్తి కొనసాగింపుకు వైశేషికులు ఆత్మను చూపగలరు గాని, దేహపు ఏకత్వానికి అది సమాధానం కాదు.

అయినా రథదృష్టాంతం శరీరానికి పూర్తిగా సరిపోదు. కెర్, వైలీ, కరీ అనే శాస్త్రవేత్తలు 1972లో అపోప్టోసిస్ అని పేరు పెట్టిన నియమిత కణమరణం, అంటే కణం తనలోని యంత్రాంగంతోనే క్రమబద్ధంగా నశించడం, ఇందుకు సాక్ష్యం. కణానికి శక్తినందించే మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ బయటపడగానే, కాస్పేజ్‌లనే ఎంజైములు మేల్కొని కణాన్ని లోపలినుంచే ఖండిస్తాయి; మిగిలిన ముక్కలను భక్షకకణాలు వాపు రానీయకుండా మింగివేస్తాయి. గర్భస్థశిశువు వేళ్ల మధ్యనున్న కణజాలం తొలగేది ప్రధానంగా ఈ విధంగానే. దీన్ని త్యాగమనడం తొందరపాటు, ఎందుకంటే కణానికి సంకల్పం లేదు. అంతకన్నా లోతైనది జీవశాస్త్రవేత్త మార్టిన్ రాఫ్ ప్రతిపాదన: జంతుకణాల్లో అధికభాగం ఇతర కణాలనుంచి సంకేతాలు అందినంతకాలమే జీవిస్తాయి, అవి ఆగితే మరణిస్తాయి. ఇరుసునుంచి ఊడిన చక్రం చక్రంగానే ఉంటుంది; తోటివాటినుంచి వేరుపడిన కణం సాధారణంగా బతకనే బతకదు. భాగపు ఉనికే మొత్తం మీద ఆధారపడినచోట, ఆ మొత్తాన్ని ఉత్త పేరని కొట్టివేయడం కష్టం.

అయితే 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెటా లాక్స్ అనే స్త్రీ కణితినుంచి, ఆమె అనుమతి లేకుండా సేకరించిన హీలా కణాలు, ఆమె అదే సంవత్సరం మరణించినా ప్రయోగశాలల్లో నేటికీ విభజన చెందుతూనే ఉన్నాయి. అవయవి నశించాక అవయవాలు నిలవడం నైయాయికులకు ఇబ్బంది కాదు. వారు తేల్చవలసింది, ఏ దేహానికీ చెందక పెరుగుతున్న ఆ కణాలను ఇంకా అవయవాలనవచ్చునా, లేక ప్రతి కణమూ స్వయంగా ఒక అవయవి అయిందా అన్నది.