ఏ పెట్టుబడికి ఎంత?

గోదావరి తెలంగాణలో అడుగుపెట్టే చోటు కందకుర్తి. మంజీర వచ్చి గోదావరిలో కలిసేదీ అక్కడే. ఆ గ్రామంలో జుమా నమాజు తర్వాత ఒక సోదరుడు మమ్మల్ని ఆపారు. ఆయన గల్ఫ్‌లో పన్నెండేళ్లు కష్టపడి తిరిగివచ్చినవారు. "మౌలానా సాబ్, నా దగ్గర 12 లక్షలున్నాయి. మా బావగారు నిజామాబాద్‌లో వ్యాపారం పెడుతున్నారు. మొత్తం అందులో పెట్టమంటున్నారు. హలాలేనా?" అని అడిగారు.

లాభాన్ని ముందుగా నిర్ణయించుకున్న నిష్పత్తిలో పంచుకోవాలి. నెలకు ఇంత అని ఖాయంగా ఇస్తామంటే అది భాగస్వామ్యం కాదు, వడ్డీకి మరో పేరు. నష్టాన్ని పెట్టుబడి పెట్టినవారు భరించాలి. ఆయన చెప్పిన ఒప్పందంలో ఈ షరతులు ఉన్నాయి. "హలాలే" అని చెప్పబోయి ఆగిపోయాము.

దానికి కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం ఇలాగే అడిగిన మరో సోదరునికి "హలాలే" అని చెప్పి పంపించాము. ఎంత పెడుతున్నారని అడగలేదు. ఆయన ఉన్నదంతా ఒక్క దుకాణంలో పెట్టారు. 2020 లాక్‌డౌన్‌లో ఆ దుకాణం మూతపడింది. మా సమాధానం తప్పు కాదు, కానీ సగమే. వస్తువు ధర్మసమ్మతమా అన్నది మొదటి ప్రశ్న. అందులో ఎంత పెట్టాలన్నది రెండోది. మనలో చాలామంది మొదటిదానితోనే ఆగిపోతారు. 2018, 2019 సంవత్సరాల్లో హైదరాబాద్‌, బెంగళూరు నగరాల్లో 'హలాల్ లాభం' పేరుతో సొమ్ము సేకరించిన సంస్థలు చెల్లింపులు ఆపినప్పుడు, ఆ ఒక్క మాట నమ్మి సర్వస్వం అప్పగించిన కుటుంబాలు ఎంత విలపించాయో పాఠకులకు తెలుసు.

ఇక్కడ ఒక విషయం ఆలోచించదగినది. మరణించినవారి ఆస్తికి దివ్య ఖుర్ఆన్ వాటాలు నిర్ణయించింది: సగం, నాలుగోవంతు, ఎనిమిదోవంతు, మూడింట రెండు వంతులు, మూడోవంతు, ఆరోవంతు. కానీ జీవించి ఉన్నవాడు తన సొమ్మును పొలానికెంత, వ్యాపారానికెంత, బంగారానికెంత అని పంచుకునే లెక్క మాత్రం చెప్పలేదు. దానిని మన వివేకానికి వదిలింది. అయితే దారి చూపకుండా వదల్లేదు. వారసత్వ వాటాలు చెప్పిన నిసా సూరా 11వ వాక్యంలోనే, తల్లిదండ్రులలో, సంతానంలో ప్రయోజనం రీత్యా మీకు ఎవరు ఎక్కువ దగ్గరో మీకు తెలియదని అల్లాహ్ గుర్తుచేశాడు. కన్నబిడ్డలలో ఎవరు అక్కరకు వస్తారో తెలియని మనిషికి, రేపు పొలం అక్కరకు వస్తుందో దుకాణం అక్కరకు వస్తుందో తెలుస్తుందా? సొమ్మును వాటాలుగా పంచడమంటే మన తెలియనితనాన్ని వినయంగా ఒప్పుకోవడమే. ఉన్నదంతా ఒక్కచోట పెట్టినవాడు, తనకు తెలియకుండానే, రేపటి సంగతి తెలుసని చెప్పుకుంటున్నాడు.

"ఇలా పంచిపెట్టడం తవక్కుల్‌కు విరుద్ధం కాదా?" అని కొందరు అడుగుతారు. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) తన కుమారులను ఈజిప్టుకు పంపుతూ, అందరూ ఒకే ద్వారం గుండా కాక వేర్వేరు ద్వారాల గుండా ప్రవేశించమన్నారు. అదే సమయంలో అల్లాహ్ నిర్ణయం నుండి తాను కాపాడలేననీ, తన భరోసా ఆయన మీదేననీ చెప్పారు. యూసుఫ్ సూరా 67వ వాక్యంలో జాగ్రత్త, భరోసా రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

కానీ ద్వారాలు నిజంగా వేర్వేరేనా అని చూసుకోవాలి. మన బోధన్ ప్రాంతం ఈ పాఠాన్ని ఖరీదు చెల్లించి నేర్చుకుంది. నిజాం చక్కెర కర్మాగారం 1937లో స్థాపితమైంది. దాని చుట్టూ వెలసిన పేటకు శక్కర్‌నగర్ అనే పేరు వచ్చింది. 2002లో కర్మాగారం ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించడంతో క్రషింగ్ ఆగిపోయింది. ఒక కుటుంబానికి చెరకు తోట, చెరకు తోలే ట్రాక్టరు, శక్కర్‌నగర్‌లో కిరాణా కొట్టు ఉన్నాయనుకుందాం. లెక్కకు మూడు పెట్టుబడులు. నరికిన చెరకు ఆలస్యమైతే బరువు, తీపి రెండూ తగ్గిపోతాయి, కాబట్టి దగ్గరలో ఫ్యాక్టరీ ఆడాలి. ఫ్యాక్టరీ ఆడితేనే ట్రాక్టరుకు కిరాయి. కార్మికుడికి జీతం వస్తేనే కొట్టుకు బేరం. పేర్లు మూడు, ద్వారం ఒక్కటే.

అమెరికా ఆర్థికవేత్త హ్యారీ మార్కోవిట్జ్ 1952లో గణితంతో నిరూపించింది కూడా ఇదే. పెట్టుబడులు ఎన్ని అన్నది కాదు, అవి కలిసి పడిపోతాయా, విడివిడిగా పడిపోతాయా అన్నది ముఖ్యం. 1990లో ఆయనకు నోబెల్ బహుమానం లభించింది. అంతటివారు తన పదవీ విరమణ పొదుపును మాత్రం సగం షేర్లలో, సగం బాండ్లలో పెట్టారు. ఏది తారుమారైనా తర్వాత పశ్చాత్తాపం తక్కువగా ఉండాలని అలా చేశానని చెప్పుకున్నారు. బాండ్లు వడ్డీ పత్రాలు కనుక వాటి జోలికి మనం పోము. కానీ అంత లెక్క తెలిసినవారు కూడా రేపటి ముందు తల వంచారన్నది గమనించాలి.

మరి ఎంతెంత? కందకుర్తి సోదరునితో కూర్చుని ఆయన 12 లక్షలు లెక్కవేశాము. అందులో 2 లక్షలు అమ్మీ దాచమని ఇచ్చినవి. అది అమానతు, ఆమె అనుమతి లేకుండా ముట్టరాదు. 3 లక్షలు భార్య నగలు అమ్మిన సొమ్ము. దానికి యజమాని ఆమె, నిర్ణయం ఆమెదే. చెల్లించని మహర్, చేబదుళ్లు కలిపి 1 లక్ష. మహర్ కూడా అప్పే. ఇంటి ఖర్చు నెలకు 15 వేల చొప్పున ఏడాదికి 1.80 లక్షలు, ఎప్పుడంటే అప్పుడు చేతికి అందేలా ఉండాలి. ఇవి తీసేస్తే మిగిలింది 4.20 లక్షలు. నష్టానికి ఒడ్డగలిగే సొమ్ము అంతే.

హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజియల్లాహు అన్హు) జబ్బుపడి తన ఆస్తిలో అధికభాగం దానం చేయదలచినప్పుడు, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మూడోవంతుకు మాత్రమే అనుమతించి, అదీ ఎక్కువేనన్నారు. వారసులను ఇతరుల ముందు చేయి చాచే స్థితిలో వదలరాదని హితవు చెప్పారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఇది వీలునామాకు సంబంధించిన ఆదేశం, పెట్టుబడులకు చట్టం కాదు. కానీ అందులోని వివేకం మనకు పనికివస్తుంది. పుణ్యకార్యానికే మూడోవంతు హద్దు అయినప్పుడు, లాభాపేక్షతో అంతకు మించి ఒకేచోట ఒడ్డడానికి మనం ఎంత ఆలోచించాలి? ఆ లెక్కన బావగారి వ్యాపారానికి 1.40 లక్షలు. మిగిలినది వేరే ద్వారాల్లోకి వెళ్లాలి. అమ్మే ఉద్దేశంతో ప్లాటు కొంటే ఏటా దాని మార్కెట్ విలువపై రెండున్నర శాతం జకాత్ ఉంటుందని, అందుకు చేతిలో నగదు ఉండాలని కూడా చెప్పాము.

"బావగారు నొచ్చుకుంటారేమో" అన్నారాయన. 1.40 లక్షలు నష్టపోయిన భాగస్వామి బంధువుగా మిగులుతాడు. అమ్మీ సొమ్ము, భార్య సొమ్ము కలిపి 12 లక్షలు నష్టపోయినవాడు ఆ ఇంటి గడప తొక్కడు. తక్కువ పెట్టడం వల్ల బంధుత్వం నిలుస్తుందని చెప్పాము. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "ముందు అమ్మీని అడుగుతాను" అన్నారు.

గోదావరి, మంజీర వేర్వేరు కొండల్లో పుట్టినవి. అయినా వానలు ముఖం చాటేసిన ఏడాది రెండింటిలోనూ ఇసుకే కనిపిస్తుంది. ఎన్ని ద్వారాలు తెరిచినా ఉపాధి ఇచ్చేవాడు అల్లాహ్ మాత్రమే. అందుకే వాటా నిర్ణయించే ముందు ఎంత వస్తుందని కాక, ఇది పోతే ఎవరి హక్కు పోతుందని మనల్ని మనం ప్రశ్నించుకుందాం. ప్రళయదినాన ఎలా సంపాదించావని, ఎక్కడ ఖర్చు చేశావని ప్రతి దాసుణ్ణీ అడగడం జరుగుతుంది. ఆ రోజు ఇతరుల హక్కు మన మెడకు చుట్టుకోకుండా అల్లాహ్ మనందరినీ కాపాడుగాక! ఆమీన్.