పిల్లలకు ఈత నేర్పడం మన బాధ్యతే



సంతానం మనకు అల్లాహ్ అప్పగించిన అమానతు. వారికి ఖుర్‌ఆన్ నేర్పిస్తున్నాం, బడికి పంపిస్తున్నాం. మరి వారి దేహం మాటేమిటి? విశ్వాసులందరిలోనూ మేలు ఉన్నా, బలహీనుని కన్నా బలవంతుడైన విశ్వాసే అల్లాహ్‌కు ఎక్కువ ప్రీతిపాత్రుడని దైవప్రవక్త (సఅసం) తెలిపారు. ఇది సహీహ్ ముస్లిం హదీసు. అల్లాహ్ స్మరణ లేని కాలక్షేపం వృథా అంటూనే ఆయన మినహాయించిన నాలుగు విషయాలలో ఈత నేర్చుకోవడం ఒకటని ఇమామ్ నసాయీ ఉల్లేఖించారు.

ఆలోచించండి! నీరు అరుదైన ఎడారి సీమలో చెప్పిన మాట ఇది. మన విడవలూరు చుట్టూ నీరే. ఇటు పెన్నా, అటు రామతీర్థం సముద్రతీరం, నడుమ బకింగ్‌హామ్ కాలువ, పంట కాలువలు, రొయ్యల గుంటలు. 2004 డిసెంబరు 26 నాటి సునామీని, 2021 నవంబరు నాటి పెన్నా వరదను మనం మరువలేదు.

"నీళ్ళ దగ్గరికి పోవద్దు" అని గద్దించి ఊరుకుంటాం. సెలవుల్లో పిల్లలు చెప్పకుండానే పోతారు. "రాసిపెట్టి ఉంటే జరుగుతుంది" అని చేతులు ముడుచుకోవడం తవక్కుల్ కాదు. ముందు ఒంటెను కట్టేసి, తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్నది తిర్మిజీ హదీసు బోధ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారు. వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ళలోపు పసివారే. పసివారిని కంటికి రెప్పలా కనిపెట్టుకోవాలి. బడి ఈడు పిల్లలకు ఈత నేర్పాలి.

ఈత బాగా వచ్చిన పెద్దల సమక్షంలో, పిల్లల నడుము లోతు నిలకడ నీటిలోనే నేర్పాలి. సముద్రం, పారే కాలువ, రొయ్యల గుంట అందుకు తగవు. తోటివాడు మునుగుతుంటే తాను దూకకుండా, కేకలు వేసి, తాడో కర్రో అందించాలని కూడా చెప్పాలి.

మగపిల్లలు నాభి నుండి మోకాళ్ళ వరకు కప్పుకోవాలి. ఆడపిల్లలకు చాటైన చోట స్త్రీలే నేర్పాలి. పరదా పేరుతో వారిని ఈ రక్షణకు దూరం చేయడం న్యాయం కాదు. దైవప్రవక్త (సఅసం) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారని అబూదావూద్ హదీసు చెబుతోంది కదా!

5 నుండి 17 ఏళ్ళ పిల్లలకు రోజూ 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని వైద్యుల మాట. అసర్ నమాజు అయ్యాక వారిని ఆటలకు పంపుదాం. మగ్రిబ్ అజాన్ వినగానే ఆట ఆపడం అలవాటు చేద్దాం.

అల్లాహ్ మన పిల్లలకు బలమైన విశ్వాసాన్నీ, బలమైన దేహాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.