జంటలో మూడవ ప్రాణి

ఇరువురు కూడి సుఖముగా నున్నచోటికి మూడవవానిని తెచ్చి విడుచుటకు మనకుగల అధికార మెట్టిది? ఈ ప్రశ్న దర్శనగ్రంథములలోనిది కాదు. గినీపందుల గూటియొద్ద పుట్టినది. చదువరులు నవ్వుకొనినను నా కభ్యంతరము లేదు. చిన్న గూటిలో కనబడు ధర్మసందేహము పెద్ద యింటిలోను గలదని నా నమ్మకము.

ఖమ్మము మొదలుకొని భద్రాచలపు అడవి యంచువరకుగల పట్టణములలో కుందేళ్ళతోపాటు ఈ చిన్న జంతువులను గూడ పిల్లల ముచ్చటకై కొనితెచ్చు గృహస్థులు ఇప్పు డున్నారు. వీని పేరే యొక వింత. ఇవి గినీదేశమునుండి వచ్చినవి కావు, పందులును గావు. దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతప్రాంత జనులు వేల సంవత్సరములక్రిందట మచ్చిక చేసిన మూషకజాతి యిది. అచ్చటివారు ఆహారమునకై పెంచిరి. 16వ శతాబ్దిలో ఐరోపావారు తమ దేశములకు గొనిపోయి ముద్దునకై పెంచిరి. పిమ్మట శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలకు దీసికొనిపోయిరి. ఇంగ్లీషువారు క్రొత్త మందునకో క్రొత్త పద్ధతికో పరీక్షాపాత్రమైన మనుష్యుని నేటికిని ఈ జంతువు పేరనే పిలుతురు. ఒక ప్రాణి పేరున కిట్టి యర్థము పుట్టుట మనుష్యజాతికి కీర్తి తెచ్చునది గాదు.

ఒంటరిగా నుంచినచో ఇది బ్రతుకదని కాదు. బ్రతుకును గాని ముడుచుకొనిపోవును. అందుచేతనే స్విట్జర్లాండు ప్రభుత్వము 2008లో చేసిన జంతుసంరక్షణ నిబంధనలలో దీనిని ఒంటిగా పెంచగూడదని శాసించినది. శాసనము మంచిదే. కాని దానివెంట నొక చిక్కు గలదు. ఈ జంతువుల ఆయువు సాధారణముగా ఐదు మొదలు ఎనిమిదేండ్లు. జంటలో నొకటి ముందుగా పోవును. మిగిలినదానికి తోడు తేవలెను; అదియు పోయిన పిమ్మట ఆ తోడునకు మరియొక తోడు కావలెను. ఈ గొలుసునకు తుది యెక్కడ? కావున ముందుచూపుగలవారు కొందరు జంట బ్రతికియుండగనే మూడవదానిని తెచ్చెదరు. పిల్ల లడిగిరని తెచ్చువారు కొందరు. అంగడి బోనులో నొంటిగా మిగిలినదానిని జూచి జాలిపడి తెచ్చువారు మరికొందరు.

మొదటి కారణమున క్రొత్తప్రాణి రాబోవు దుఃఖమునకు ముందుగా కొని దాచిన మందు. రెండవ కారణమున అది ఆటవస్తువు. ఈ రెంటను దాని మేలు లెక్కకు రాలేదు. మూడవదైన జాలి ధర్మమునకు దగ్గరగా నున్నది. అయినను ఆ జాలి అంగడి గుమ్మమున మొదలై ఇంటి గుమ్మమున ముగియు చుండుటయే తరచు. తెచ్చితిమి, గూటిలో విడిచితిమి, ఇక నవియే సర్దుకొనునని మనము చేతులు దులుపుకొందుము.

అవి యెట్లు సర్దుకొనును? గూడు ఆ రెంటిదే. ప్రతి మూలయందు వాని వాసనయే. క్రొత్తది కాలిడగానే పాతవి గురగురలాడుచు నడుము నూపుచు చుట్టును తిరుగును; తరుమును; మీదికెక్కును. ఇంతవరకు భయము లేదు. ఎవరు పెద్ద యెవరు చిన్నయని తేల్చుకొనుటకు వాని భాష యది. దీనికే కంగారుపడి మాటిమాటికి విడదీసినచో తగవు తీరక ప్రతిసారియు మొదటికి వచ్చును. కాని పండ్లు టకటకలాడించుట హెచ్చరిక. నెత్తురు కనబడినచో విడదీయవలసినదే. అప్పుడును వట్టిచేయి పెట్టరాదు, మందపు గుడ్డ యడ్డముపెట్టి తీయవలెను. జంట రెండును మగవియైనచో మూడవ మగదానిని కలుపుట మిక్కిలి కష్టము. ఆడదానిని కలిపినచో అంతవర కన్నదమ్ములవలె నున్నవియే దానికై కొట్లాడును. రెండు ఆడవానిలో విత్తులు తీయించిన మగది యొకటి చేరినచో సాధారణముగా శాంతి యుండును. అయితే శస్త్రచికిత్స పిమ్మటకూడ కొన్ని వారములవరకు దానిని వేరుగా నుంచవలెను. లేనిచో మూడు ఆరగును, ఆరు పదియగును. ఈ జాతిలో ఈనిన కొలది గంటలకే తల్లి మరల చూలు దాల్చగలదు. అంగడివాడు ఆడదని చెప్పినమాత్రమున నమ్మరాదని వేరుగ చెప్పనక్కరలేదు.

మా ప్రాంతపు పల్లెలలో చదువురాని ముసలమ్మకు గూడ ఇందలి మూలసూత్రము తెలియును. క్రొత్తకోడిని తెచ్చిన దినముననే దొడ్డిలో వదలదు. కొన్నాళ్ళు గంపక్రింద మూసి, తక్కిన కోళ్ళు దానిచుట్టు తిరుగనిచ్చును. చీకటిపడి అవి గూట చేరిన పిమ్మట మెల్లగా వాని నడుమ విడుచును. తెల్లవారి నాలుగుచోట్ల గింజలు చల్లును. చూపు ముందు, స్పర్శ పిమ్మట. మేత యొక్కచోట నుండరాదు. ఆమె పద్ధతికిని పశువైద్యులు చెప్పు పద్ధతికిని నాకు పెద్ద భేదము కనబడలేదు. వారు అదనముగా చెప్పునది, క్రొత్తదానిని రెండుమూడు వారములు వేరుగదిలో నుంచి రోగము లేదని నిశ్చయించుకొనవలె ననియు, మొదటి కలయిక ఎవరి వాసనయు లేని తావున జరుపవలె ననియు, దాగుకొను పెట్టెలకు రెండేసి ద్వారములు పెట్టవలె ననియును. ఒక్క ద్వారమే యున్న పెట్టెలో తరుమబడినది చిక్కుకొనును.

ఈ రెండవ ద్వారము మాట విన్నప్పుడు నాకు మన కోడండ్రు తలపునకు వత్తురు. తల్లియు కొడుకును ఇరువదియేండ్లు ఒకరికొకరై బ్రతికిన యిల్లు గలదనుకొందము. అదియు నొక జంటయే. ఆ యింటి ప్రతి మూలకు ఒక వాడుక, ప్రతి గిన్నెకు ఒక చోటు. అందులోనికి మూడవ మనిషిని మేళతాళములతో ప్రవేశపెట్టి, ఆ దినమునుండియే "సర్దుకొనుము" అని బోధింతుము. ఎవరికి చోటు లేదో, ఎవరికి మాట లేదో, సర్దుకొను భారము వారిపైననే! చోటుగలవా రిద్దరు కొంచెము జరుగుట సులభమా, చోటులేని యామె తన్ను తాను ముడుచుకొనుట సులభమా? గినీపందుల విషయమున గూటిని కడిగి, వస్తువుల స్థానములు మార్చి, పాతవానికి గూడ అది క్రొత్తయిల్లుగా చేసిన పిమ్మట మూడింటిని కలిసి విడువుడని చెప్పుదురు. మనుష్యుల యిండ్లలో వంటగది అలమార మార్చుటకే యుద్ధములు జరుగుచున్నవి.

మువ్వురి కాపురమనగా మావారికి పర్ణశాల జ్ఞప్తికి వచ్చును. భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున, గోదావరి యొడ్డున గలదు; సీతారామలక్ష్మణు లచ్చట వసించిరని జనుల విశ్వాసము. ఆ పర్ణశాలను కట్టినవాడు లక్ష్మణుడు. భద్రాచల మూర్తులను జూడుడు: సీత రాముని యెడమతొడపై నున్నది, లక్ష్మణుడు ప్రక్కన నిలిచియున్నాడు. తొడపై చోటు మూడవవానికి లేదు. అందుచే నాతడు తక్కువవాడని ఏ భక్తుడును తలపలేదు. అతనికి తన చోటు గలదు, తన పని గలదు. ఆ యాశ్రమమునకే శూర్పణఖయు వచ్చినది. ఆమె దుష్టురాలే కావచ్చును. కాని అన్న తమ్మునియొద్దకు, తమ్ముడు అన్నయొద్దకు పరిహాసముగా పంపుటలో న్యాయ మెంతయని నా విద్యార్థు లడిగినప్పుడు, చేర్చుకొన నిష్టములేనిచో నవ్వక చెప్పుట మేలని నే ననుచుందును.

కావున నా యభిప్రాయ మిది. మూడవదానిని తేవచ్చునా యని యడుగువారిని, రెండవ గూటికి చోటున్నదా యని ముందుగా నే నడుగుదును. మా ఎండలు సామాన్యములు గావు. వేసవిలో వేడిమి 45 డిగ్రీలవరకు పోవు సీమ యిది. ఈ జంతువులకు 30 డిగ్రీలే కష్టము. ఇరుకుగూటిలో మూడింటిని క్రుక్కి మే నెలలో స్నేహము చేసికొండనుట క్రౌర్యము. మనవలెనే వీని శరీరమును "సి" విటమినును తయారు చేసికొనలేదు. ప్రతిదినము కొత్తిమీరవంటి పచ్చియాకు మూడింటికిని వేరువేరుగా అందవలెను, బలిసినదాని నోటికి మాత్రమే గాదు.

అన్నియు చేసినను కలియకపోయినచో నేమందురా? అప్పుడు జంటను జంటగా నుంచి, నడుమ తీగెవల యడ్డముపెట్టి, ఆ ప్రక్కనే మూడవదానికి దాని గూడు, దాని నీరు, దాని గడ్డి యమర్పవలెను. ఒకదాని వాసన ఒకదానికి తెలియుచుండును, పిలిచిన పలుకుచుండును. మూడవది యంగడికి తిరిగి పోవలసిన పని యుండదు. పిల్లలు మాత్రము రెండు గూండ్లు తుడువవలసియుండును.